ఎలక్ట్రానిక్ టాంగో: తరచుగా అడిగే ప్రశ్నలు

టాంగో డాన్స్ నేర్చుకుంటున్నవాళ్లు, ఇంట్లో ల్యాప్‌టాప్ మీద బీట్లు చేసుకునేవాళ్లు, ఎక్కడో ఒక సినిమాలో ఈ సంగీతం విని మనసు పారేసుకున్నవాళ్లు నన్ను అడుగుతూ వచ్చిన ప్రశ్నలివి. చాలా ఏళ్లుగా ఈ సంగీతం వింటున్నాను, దానికి అడుగులు వేస్తున్నాను, ఈమధ్య సొంతంగా చేస్తున్నాను కూడా. అభిప్రాయం చెప్పాల్సిన చోట దాచుకోకుండా చెప్పాను.

ఎలక్ట్రానిక్ టాంగో అంటే అసలేంటి?

అర్జెంటీనా, ఉరుగ్వేల టాంగో వాద్యాలను, ముఖ్యంగా బాండోనియన్‌ని, కంప్యూటర్ మీద చేసిన బీట్లతో, సింథ్‌తో, పాత రికార్డుల ముక్కలతో కలిపి అల్లే సంగీతం. ఎలక్ట్రోటాంగో అని కూడా అంటారు. నియోటాంగో అనే మాటని కొంచెం వదులుగా వాడతారు. టాంగో వాద్యం ఒక్కటీ లేకపోయినా, అడుగులు వేయడానికి కుదిరే పాటల్ని కూడా అందులో వేసేస్తుంటారు. టాంగో నుయెవో వేరు. అది 1950ల నుంచి స్వరకర్త ఆస్టర్ పియాజోలా తెచ్చిన కొత్త సంగీతానికి పేరు. 1990లలో బ్యూనస్ ఐరెస్‌లో గుస్తావో నవేయిరా, ఫాబియాన్ సాలాస్ లాంటివాళ్లు ఒక్కో అడుగునీ విడదీసి చూసి పెంచిన డాన్స్ పద్ధతినీ అదే పేరుతో పిలుస్తున్నారు. గందరగోళం అక్కడే మొదలవుతుంది.

బాండోనియన్ మన హార్మోనియం లాంటిదేనా?

చుట్టరికం ఉంది. రెండింట్లోనూ గాలి తగిలి లోహపు రీడ్ మోగుతుంది. సురభి నాటకాల్లో, పద్య నాటకాల్లో హార్మోనియం విని పెరిగిన చెవికి బాండోనియన్ గొంతు పరాయిగా అనిపించదు. కానీ హార్మోనియంలో ఒక మెట్టు నొక్కితే ఒకటే స్వరం. బాండోనియన్‌లో అదే బటన్ తిత్తి తెరుస్తున్నప్పుడు ఒక స్వరం, మూస్తున్నప్పుడు ఇంకో స్వరం పలుకుతుంది. టాంగోవాళ్లు వాడే రకంలో కుడివైపు 38, ఎడమవైపు 33, మొత్తం 71 బటన్లుంటాయి. అంటే 142 స్వరాల చోట్లు వేళ్లకి గుర్తుండాలి. పైగా అవి సరిగమల వరుసలో కూడా ఉండవు.

ఇది పుట్టింది జర్మనీలో. క్రెఫెల్డ్ పట్టణానికి చెందిన హైన్రిష్ బాండ్ పేరు మీదుగా ఆ పేరొచ్చింది. 19వ శతాబ్దంలో సముద్రం దాటి బ్యూనస్ ఐరెస్ రేవుకి చేరింది. కార్ల్స్‌ఫెల్డ్‌లో ఆల్ఫ్రెడ్ ఆర్నాల్డ్ కర్మాగారం చేసిన 'డబుల్ ఏ' బాండోనియన్లంటే వాద్యకారులు ఇప్పటికీ ప్రాణం పెడతారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ కర్మాగారం తూర్పు జర్మనీ ప్రభుత్వం చేతికి పోయింది, కొంతకాలానికి బాండోనియన్ల తయారీ ఆగిపోయింది. అందుకే మంచి వాద్యం అంటే చాలాసార్లు తాతల కాలం నాటి వాద్యమే.

దగ్గర కూర్చుని చూస్తే ఇంకో సంగతి తెలుస్తుంది. వాద్యాన్ని మోకాలి మీద పెట్టుకుని ఎక్కువగా తిత్తి తెరుస్తూనే వాయిస్తారు. పూర్తిగా తెరుచుకున్నాక కుడి బొటనవేలితో గాలి మీట నొక్కి, చటుక్కున మూసేస్తారు. ఆ క్షణంలో హుష్షుమని ఒక నిట్టూర్పు వినిపిస్తుంది. ఆ నిట్టూర్పు గుర్తుపెట్టుకోండి, కింద దానితో పనుంది.

సంప్రదాయ టాంగోలో డ్రమ్స్ ఉండవంటారు, నిజమా?

నిజం. ఎలక్ట్రానిక్ టాంగోలో అన్ని చిక్కులూ, అంత అందమూ ఈ ఒక్క మాట నుంచే వస్తాయి కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను.

సుమారు 1935 నుంచి 1955 వరకు సాగిన స్వర్ణయుగంలో 'ఓర్కెస్తా తీపికా' అనే బృందంలో ఉండేవి బాండోనియన్లు, వయొలిన్లు, పియానో, డబుల్ బేస్. డ్రమ్ముల సెట్ సాధారణంగా ఉండదు. మరి వందలమంది ఒకే హాల్లో ఒకే లయకి ఎలా నడిచారు? లయ మొత్తం వాద్యాల లోపలే ఉంది. పియానో ఎడమచేయి, డబుల్ బేస్, బాండోనియన్ తిత్తి మూడూ కలిసి నాలుగు దెబ్బల్ని తొక్కి పలికితే దాన్ని మార్కాతో అంటారు. హువాన్ దారియెంసో బృందం వినండి, డ్రమ్ లేదన్న సంగతే గుర్తుకురాదు. ఆయన్ని లయకి రాజు అని పిలిచారు. ఓస్వాల్దో పుగ్లియేసే దారి వేరు. 1946 నాటి 'లా యుంబా'లో ఒక దెబ్బ బరువుగా, తర్వాతిది లోతుగా, పెద్ద యంత్రం ఊపిరి పీల్చి వదులుతున్నట్టు ఉంటుంది. వయొలిన్ వాళ్లయితే కమానుతో తీగని గీకి, పెట్టె మీద తట్టి, కీచురాయి చప్పుడు, డోలు చప్పుడు, కొరడా చప్పుడు పుట్టిస్తారు. డ్రమ్స్ లేని లోటుని వాళ్లు అలా తీర్చుకున్నారు.

ఇంకొకటి 3-3-2 లయ. ఎనిమిది మాత్రల్ని మూడు, మూడు, రెండుగా విరవడం. మనవాళ్లకి ఇది ఒక్క ముక్కలో చెప్పొచ్చు: తకిట తకిట తక. నాలుగుసార్లు పైకే అనండి, పియాజోలా 'లిబెర్‌టాంగో' లయ మీ నాలుక మీదికి వచ్చేస్తుంది. మిలోంగా అనే పాత పాటల రకంలోంచి, వాటికి మూలంలో ఉన్న ఆఫ్రికన్ లయల్లోంచి ఇది టాంగోలోకి నడిచొచ్చింది.

అన్నిటికంటే ముఖ్యమైనది అర్రాస్త్రే. ఈడ్పు అని అర్థం. దెబ్బ పడటానికి ముందే బేస్, బాండోనియన్, వయొలిన్లు స్వరాన్ని కింది నుంచి ఈడ్చుకుంటూ వచ్చి దెబ్బ మీద వదులుతాయి. వాన పడే ముందు గాలి వచ్చినట్టు. డాన్స్ చేసే మనిషి కాలు కదిలేది ఆ గాలికి. దెబ్బ దగ్గర కాలు నేల మీద ఆనుతుందంతే.

ఇప్పుడు దీని మీద డ్రమ్ మెషిన్ కిక్, అంటే పెద్ద డ్రమ్ము దెబ్బ, పెట్టారనుకోండి. కిక్ సరిగ్గా దెబ్బ మీదే పడుతుంది. దానికి ముందు ఏమీ ఉండదు. ఎలక్ట్రానిక్ టాంగో నిలిచేదీ పడేదీ ఇక్కడే: యంత్రం ఈ ఈడ్పుకి చోటు వదిలిందా, తొక్కేసిందా?

ఎలక్ట్రానిక్ టాంగోని మొదట ఎవరు చేశారు?

బీజం పియాజోలాదే. 1955లో బ్యూనస్ ఐరెస్‌లో పెట్టిన ఎనిమిదిమంది బృందంలో ఎలక్ట్రిక్ గిటార్ తెచ్చాడు. అప్పట్లో అది చాలామందికి మింగుడుపడలేదు. 1970ల మధ్యలో సింథసైజర్, ఎలక్ట్రిక్ బేస్, డ్రమ్స్‌తో ఎలక్ట్రానిక్ బృందమే నడిపాడు. 1974లో మిలాన్‌లో రికార్డ్ చేసిన 'లిబెర్‌టాంగో' బాణీని 1981లో గాయని గ్రేస్ జోన్స్ రెగే లయ మీద పాడింది. క్లబ్బుల్లో జనం టాంగో అని తెలియకుండానే దానికి ఊగారు. నా లెక్కలో తలుపు తెరిచింది ఆ పాటే.

ఇప్పుడు మనం ఎలక్ట్రోటాంగో అంటున్న రూపం మాత్రం 1999లో పారిస్‌లో మొదలైన గోటాన్ ప్రాజెక్ట్‌తో వచ్చింది. ఫ్రెంచ్ వాడు ఫిలిప్ కోహెన్ సొలాల్, స్విట్జర్లాండ్ నుంచి క్రిస్టోఫ్ ముల్లర్, అర్జెంటీనా గిటారిస్ట్ ఎడ్వార్డో మకారోఫ్. గోటాన్ అంటే టాంగోనే. బ్యూనస్ ఐరెస్ వీధుల్లో అక్షరాలు తిప్పి పలికే యాస ఒకటుంది, టాన్-గో అందులో గో-టాన్ అవుతుంది. మన పిల్లలు 'క' భాష మాట్లాడుకున్నట్టు. 2001లో వాళ్ల ఆల్బమ్ 'లా రెవాంచా దెల్ టాంగో' వచ్చాక ఈ సంగీతం అన్ని దేశాలకీ పాకింది. 2002లో బాజోఫోండో, 2003లో టాంగెటో, నార్కోటాంగో అనే బృందాల ఆల్బమ్‌లు వెంటవెంటనే వచ్చాయి.

గోటాన్, బాజోఫోండో రెండూ ఒకేలా ఉంటాయి కదా?

మొదట్లో నాకూ అలానే అనిపించేది. గోటాన్‌ది పారిస్ చెవి. రెగేలోంచి వచ్చిన డబ్ సంగీతంలోని ఖాళీ జాగా, ప్రతిధ్వని, నెమ్మది వాళ్లకి ఇష్టం. బాండోనియన్ ఒక మాట అని ఆగితే ఆ మాట గదంతా తిరిగేదాకా ఎదురుచూస్తారు. 2006లో వచ్చిన 'లునాతికో'లో యంత్రాన్ని ఇంకా వెనక్కి జరిపి, మనుషులు వాయించిన తీగవాద్యాలకి చోటిచ్చారు. ఆ పేరు గాయకుడు కార్లోస్ గార్దెల్ పందెపు గుర్రానిది.

బాజోఫోండో నది రెండు ఒడ్లదీ. గుస్తావో సాంతావొలాయా అర్జెంటీనా, హువాన్ కాంపోదోనికో ఉరుగ్వే. రియో దె లా ప్లాతా నదికి ఒక ఒడ్డున బ్యూనస్ ఐరెస్, మరో ఒడ్డున మాంటెవీడియో. టాంగో ఆ రెండు ఊళ్ల బిడ్డ, 2009లో యునెస్కో గుర్తింపు కూడా రెండు దేశాలకీ కలిపే ఇచ్చింది. మాంటెవీడియోలో నల్లజాతి వాళ్ల కందోంబే డోళ్లు మోగుతాయి. చీకో, రెపీకే, పియానో అని మూడు సైజుల డోళ్లు. పియానో అనేది ఇక్కడ డోలు పేరే. బాజోఫోండో మొదటి ఆల్బమ్ 2003లో లాటిన్ గ్రామీ గెలిచింది. 'బ్రోక్‌బ్యాక్ మౌంటెన్', 'బాబెల్' సినిమాల సంగీతానికి వరసగా ఆస్కార్లు అందుకున్న సాంతావొలాయా ఈయనే.

ఎలక్ట్రోటాంగో 2000ల మొదట్లోనే ఎందుకు పేలింది?

కారణాలు ఒకటి కాదు. ఇంట్లో కంప్యూటర్ మీదే రికార్డింగ్ చేసుకునే వీలు అప్పుడే వచ్చింది. ఇంకోవైపు 2001 డిసెంబర్‌లో అర్జెంటీనా ఆర్థికంగా కుప్పకూలింది. జనం బ్యాంకుల్లో దాచుకున్న సొమ్ము తీసుకోనివ్వకుండా ఆపేశారు, రోడ్ల మీద గిన్నెలు మోగించుకుంటూ ఊరేగింపులు, ఎంతోమంది యువతీయువకులు దేశం వదిలిపోవడం. టాంగెటో మొదటి ఆల్బమ్ పేరే 'ఎమిగ్రాంతే', వలసపోయేవాడు. నూరేళ్ల కిందట యూరప్ నుంచి ఓడల్లో దిగిన వలస కూలీల బాధలోంచి టాంగో ఎదిగింది. వాళ్ల మునిమనవలు తిరిగి యూరప్‌కి పెట్టె సర్దుకుంటున్న రోజుల్లో ఆ పాట మళ్లీ పనికొచ్చింది. ఓత్రోస్ ఐరెస్ అనే ఎలక్ట్రోటాంగో బృందం బార్సిలోనాలో మొదలైందంటే ఆశ్చర్యం లేదు.

నేనే ఒక ట్రాక్ చేయాలనుకుంటున్నాను. ఎక్కడ మొదలుపెట్టాలి?

ముందు వేగం. డాన్స్‌కి సరిపడే టాంగోలో నిమిషానికి సుమారు 60 నుంచి 65 అడుగులు పడతాయి. ప్రతి రెండు దెబ్బలకీ ఒక అడుగు కాబట్టి, దెబ్బలు లెక్కేస్తే 120 నుంచి 130. క్లబ్బుల్లో మోగే హౌస్ మ్యూజిక్ కూడా దాదాపు అక్కడే ఉంటుంది. అందుకే నాలుగు దెబ్బల కిక్ మార్కాతో మీద ఏ ఇబ్బందీ లేకుండా కూర్చుంటుంది. కొత్తవాళ్లు ఇది చూసి 'ఇంత సులువా!' అనుకుంటారు. తేలిగ్గా కూర్చుంటుంది కాబట్టే ప్రమాదం. పాత పాట కింద కిక్ తోసేసి అయిపోయిందనుకుంటారు.

పాత రికార్డు ముక్క వాడుతుంటే దాని వేగం ఒకేలా ఉండదని గుర్తుంచుకోండి. బృందం క్లిక్ (చెవిలో టిక్కుటిక్కుమనే లయ చప్పుడు) విని వాయించలేదు, ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటూ వాయించింది. వాక్యం చివర సాగదీసి, తర్వాతి వాక్యాన్ని పరుగున అందుకుంటుంది. సాఫ్ట్‌వేర్‌లో ప్రతి దెబ్బనీ గ్రిడ్‌కి, అంటే తెర మీద సమానంగా గీసిన లయ గీతలకి, లాగి కట్టేస్తే ఆ నడక చచ్చిపోతుంది. నాలుగు బార్లకో (బార్ అంటే నాలుగు దెబ్బల ఆవర్తం), ఎనిమిది బార్లకో ఒకచోట మాత్రం కట్టి, మధ్యలో వదిలేయండి. ఇంకా మంచి పద్ధతి, పాత బృందం ఎలా నడిస్తే ప్రాజెక్ట్ టెంపోని అలా నడిపించడం. యంత్రమే మనిషి వెనక నడవాలి.

నిమిషానికి 78 చుట్లు తిరిగే పాత రికార్డుల్లో కింది బేస్ దాదాపు ఉండదు, పైన మెరుపూ ఉండదు. ఒకరకంగా అది వరం. కిక్‌కీ సబ్ బేస్‌కీ కింద అంతా ఖాళీయే. హై-హ్యాట్లతో మాత్రం పై ఖాళీ అంతా నింపేయకండి, పాత వయొలిన్ ఊపిరాడక పోతుంది. రికార్డు గరగరని పూర్తిగా తుడిచేస్తే వయొలిన్ అంచులు కూడా దానితో పోతాయి, కొంచెం ఉండనివ్వండి.

అర్రాస్త్రే ఉన్న చోట కిక్‌ని తీసేసి చూడండి. నాలుగో దెబ్బ తర్వాత ఖాళీ వదిలి, ఈడ్పు ఒక్కటే వినపడనిచ్చి, మొదటి దెబ్బ మీద కిక్ వేయండి. ఈ ఒక్క మార్పుతో పాట నిల్చుంటుంది.

నేను చేసిన పొరపాటు చెబుతాను. ఒక బాండోనియన్ వాద్యకారుడి చేత రెండు నిమిషాల ముక్క వాయించి రికార్డ్ చేసుకున్నాను. మూడు రాత్రులు కూర్చుని ప్రతి స్వరాన్నీ గ్రిడ్ గీత మీదికి జరిపాను. మధ్యమధ్యలో వచ్చే గాలి చప్పుళ్లని నాయిస్ అనుకొని ఒక్కొక్కటీ కత్తిరించాను. ఎంతో శుభ్రంగా వచ్చిందని సంబరపడి ఆయనకి వినిపించాను. పాట అయ్యేదాకా ఆయన ఏమీ అనలేదు. వాద్యాన్ని ఒళ్లోకి తీసుకుని, ఒక్క బటనూ నొక్కకుండా, గాలి మీట మాత్రం నొక్కి తిత్తిని నెమ్మదిగా తెరిచి మూశాడు. హుష్షుమంది. 'ఇదెక్కడికి పోయింది?' అన్నాడు. ఇంటికొచ్చి మొత్తం చెరిపేసి, అసలు రికార్డింగ్‌ని తాకకుండా పెట్టి, నా బీట్‌నే దానికి తగ్గట్టు జరిపాను. స్నేర్ డ్రమ్ము దెబ్బ ఉండాల్సిన రెండు చోట్ల ఆ నిట్టూర్పే పెట్టాను. నేను చేసినవాటిలో నాకు బాగా నచ్చింది ఇప్పటికీ అదే.

శాంపిల్ లైబ్రరీలో దొరికే బాండోనియన్ సరిపోతుందా?

వెనక నిలబెట్టే శ్రుతులకి సరిపోతుంది. ముందు నిలబడి పాడాల్సిన బాణీకి సరిపోదు. వాయించే మనిషి దొరక్కపోతే బాణీని వయొలిన్‌కో, గిటార్‌కో, గొంతుకో ఇవ్వండి. అకార్డియన్‌ని బాండోనియన్‌గా నమ్మించాలని చూడకండి. తెలిసినవాళ్లకి మొదటి స్వరంలోనే తెలిసిపోతుంది.

పాత రికార్డుల ముక్కలు వాడితే కాపీరైట్ గొడవ వస్తుందా?

హక్కులు రెండు: బాణీ, సాహిత్యాల హక్కు ఒకటి, ఆ రికార్డింగ్ హక్కు ఇంకొకటి. రెండూ విడివిడిగా చూసుకోవాలి. మన దేశంలో రచయిత పోయాక 60 ఏళ్లు, అర్జెంటీనాలో, యూరోపియన్ యూనియన్‌లో 70 ఏళ్లు. రికార్డింగ్‌కి మన దగ్గర విడుదలైనప్పటి నుంచి 60 ఏళ్లు, అర్జెంటీనాలో 70. 'పోర్ ఊనా కబేసా' బాణీ గార్దెల్‌ది, మాటలు అల్ఫ్రేదో లె పేరావి. ఇద్దరూ 1935 జూన్ 24న కొలంబియాలోని మెడెయిన్‌లో జరిగిన ఒకే విమాన ప్రమాదంలో చనిపోయారు, కాబట్టి ఈ దేశాల్లో ఆ గడువు దాటిపోయింది. పియాజోలా 1992లో పోయాడు, ఆయన బాణీలకి మన దేశంలోనే 2052 చివరిదాకా హక్కు ఉంటుంది. అమెరికా లెక్కలు వేరు. శుభ్రం చేసి మళ్లీ విడుదల చేసిన కాపీల విషయంలోనూ జాగ్రత్త. డబ్బుతో ముడిపడిన పనైతే లాయర్‌ని అడగండి.

ఎలక్ట్రానిక్ టాంగోకి డాన్స్ చేయొచ్చా? మిలోంగాలో వేస్తారా?

చేయొచ్చు. కానీ వేసే చోటు చూసుకోవాలి.

టాంగో డాన్స్ జరిగే సభని మిలోంగా అంటారు. మిలోంగా అనే పాటల రకం కూడా ఉంది, రెండిటినీ కలిపేయకండి. సంప్రదాయ మిలోంగాలో ఒకే బృందం పాటలు మూడో నాలుగో కలిపి ఒక తాందా. తాందాల మధ్యలో కాసేపు వచ్చే వేరే సంగీతం కోర్తీనా, అంటే తెర. తెర పడగానే అందరూ వెళ్లి కూర్చుంటారు. చూపులు కలిసి, చిన్నగా తల ఊపితేనే తర్వాతి జోడీ కుదురుతుంది. అందరూ గడియారం ముల్లుకి ఎదురు దిశలో హాలు చుట్టూ తిరుగుతారు. ఇంత పద్ధతిగా సాగుతున్న చోట చెప్పకుండా గోటాన్ తాందా వేస్తే పెద్దవాళ్లు లేచి వెళ్లి కూర్చుంటారు, వాళ్లని తప్పుపట్టలేం. ఆల్టర్నేటివ్ మిలోంగా అని ముందే చెప్పి పెట్టే సభలుంటాయి, అక్కడ వేయండి. సంప్రదాయ సభలో వేయాలని ఉంటే నిర్వాహకుల్ని అడిగి, రాత్రి సగం దాటాక ఒక్క తాందా చాలు.

అడుగు వేసేవాళ్లకి ఒక ఇబ్బంది ఉంది. పాత టాంగోలో వాక్యాలు స్పష్టంగా ఉంటాయి, ఎక్కడ ఆగాలో ఒంటికే తెలుస్తుంది. చివర చాన్-చాన్ అని రెండు దెబ్బలతో ముగుస్తుంది. ఎలక్ట్రానిక్ ట్రాక్‌లో లూప్ తిరుగుతూనే ఉంటుంది, చివరికి శబ్దం తగ్గుతూ మాయమైపోతుంది. కౌగిలిలో ఉన్న ఇద్దరూ ఎప్పుడు విడివడాలో తెలియక నిలబడిపోతారు. ట్రాక్ చేసేవాళ్లకి నా మనవి: డాన్స్ కోసం చేస్తుంటే దానికో ముగింపు పెట్టండి.

పాత టాంగోని పాడు చేస్తున్నారని కొందరికి ఎందుకంత కోపం?

పాత పాటల రీమిక్స్ వింటే మన ఇళ్లలో పెద్దవాళ్లకి కలిగే బాధే అది. దాన్ని తేలిగ్గా తీసేయకూడదు. స్వర్ణయుగపు బృందాలు పది, పన్నెండు మందితో రాత్రుళ్లు సాధన చేసి సాధించిన బిగువు అది, రెండు బార్ల ముక్క కత్తిరించి లూప్ వేస్తే వచ్చేది కాదు. ఆ కోపంలో సగం న్యాయం ఉంది. హోటల్ లాబీల కోసం చేసినట్టుండే ఎలక్ట్రోటాంగో చాలానే వచ్చింది: ఒక బాండోనియన్ ముక్క, ఒక బీట్, స్పానిష్‌లో గుసగుస. 2010 తర్వాత ఈ సంగీతం వేడి తగ్గడానికి అదొక కారణమని నా నమ్మకం. అయితే ఈ దారిలో టాంగోకి వచ్చి, ఇప్పుడు స్వర్ణయుగం నాటి త్రొయిలో, దీ సార్లీ తప్ప వేరే వినని మనుషులు నాకు తెలుసు. నేనూ గోటాన్ విని వచ్చినవాడినే. ఆ రుణం మర్చిపోను.

మన మృదంగం, డప్పులతో కలపొచ్చా?

లయపరంగా దారి ఉంది. తకిట తకిట తక అనేది మృదంగం చేతికి కొత్త కాదు, ఆది తాళం ఎనిమిది అక్షరాల్లో హాయిగా పడుతుంది. చిక్కంతా ఖాళీతోనే. మృదంగం చేయి ప్రతి ఖాళీనీ సొల్లుతో (తకిట లాంటి ముక్కతో) నింపాలనుకుంటుంది, టాంగో ఆ ఖాళీలోనే బతుకుతుంది. తక్కువ వాయించే ధైర్యమున్న వాద్యకారుడిని పట్టుకోండి.

కొత్తవాళ్లం, ఏవి ముందు వినాలి?

గోటాన్ 'సాంతా మరియా దెల్ బుయెన్ ఐరే', ఆ వెంటనే 'ఎపోకా'. బాజోఫోండో పాటల్లో ఆద్రియానా వరేలా పాడిన 'పెర్ఫూమే' వినండి, పొగచూరిన ఆ గొంతు ముందు యంత్రం ఎంత వినయంగా ఉందో చూడండి. తర్వాత 2007 ఆల్బమ్‌లోని 'పా బైలార్'. ఓత్రోస్ ఐరెస్ మొదటి ఆల్బమ్‌లో గార్దెల్ కాలపు పాత గొంతుల ముక్కలు వినిపిస్తాయి. నార్కోటాంగో రాత్రి హెడ్‌ఫోన్స్ పెట్టుకుని వినాల్సినది. దాన్ని నడిపే కార్లోస్ లిబెదిన్‌స్కీ డాన్స్ చేసేవాళ్లని మనసులో పెట్టుకుని చేసినట్టుంటుంది.

ఒక్కో ఎలక్ట్రానిక్ పాటకీ ఒక పాత టాంగో జోడించి వినండి. దారియెంసో ఒక రోజు, పుగ్లియేసే ఒక రోజు. నెల తిరిగేసరికి కిక్ లేని చోట కూడా మీ పాదం నేల తడుతుంటుంది.

'లా కుంపర్సీతా' రీమిక్స్‌తో సభ ముగించొచ్చా?

మాంటెవీడియో కుర్రాడు గెరార్దో మాతోస్ రొద్రీగెస్ కట్టిన ఆ బాణీ రాత్రి ఆఖరి పాటగా మోగడం మిలోంగాల ఆచారం. అది మొదలవగానే జనం ఆ రాత్రికి తమకి నచ్చిన మనిషిని వెతుక్కుంటూ లేస్తారు. మిగతా రాత్రంతా ఏ ప్రయోగమైనా చేయండి, ఆ మూడు నిమిషాలు మాత్రం పాత బృందానికి వదిలేయండి. రీమిక్స్ మీద మరీ మనసుంటే, చివరి చాన్-చాన్ పడి, చప్పట్లు అయిపోయి, అందరూ వంగి బూట్లు మార్చుకుంటున్నప్పుడు నెమ్మదిగా వేయండి. నేను అలాగే వేస్తాను.